ట్యూబులైటూ, నేనూ, నా డిగ్రీ

(తృతీయ బి.యస్సీ., ఎం.పి.సి. విద్యార్థి)

జోకు చెప్పిన తరువాత అందరూ నవ్వేసి ఊరుకున్నాక తీరిగ్గా నవ్వేవాణ్ణి మన హాస్టల్లో "ట్యూబులైటు" అంటారు. స్విచ్చి వేసినా రెండు మూడుసార్లు కొట్టుకుంటే గాని వెలగడు కాబట్టి ఆ పేరు. మొదటి సంవత్సరంలో ఆ బిరుదు నాకే ఉండేది. దానికి నేను నిజంగా అర్హుణ్ణని తెలిసింది మాత్రం మొన్నటి సంక్రాంతి సెలవుల్లో, అదీ ఓ ట్యూబులైటు మూలంగానే. సావనీరుకి దేశాభివృద్ధిలో విద్యార్థుల పాత్ర లాంటి విషయం మీద ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగారు. దేశం సంగతి తెలిసినవాళ్ళు రాస్తారు. నేను మా వసారాలో వెలగని లైటు గురించి రాస్తాను. విసుగనిపిస్తే పేజీ తిప్పెయ్యండి, ఏమీ అనుకోను.

మాది పల్నాడులో ఓ పల్లె. మిరపా, పత్తీ వేస్తాం. సాగరు కాలువకి నీళ్ళొదిలితే ఓ మడి వరి కూడా. నాన్న చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంటి ముందు నాలుగు ఇనుప పైపులు పాతి రేకులు కప్పిన వసారా ఉంది. దాని గోడకి నాలుగడుగుల ట్యూబులైటు. మిరపకాయలకి తొడిమలు తీసేదీ, చుట్టాలొస్తే మంచాలు వాల్చేదీ, మా చెల్లి పదో తరగతి చదువు చదివేదీ ఆ లైటు కిందనే. పండక్కి నేను వెళ్ళేసరికి అది పాడై పన్నెండు రోజులైంది. స్విచ్చి వేస్తే రెండు కొసలూ నిప్పుల్లాగా ఎర్రగా వెలుగుతాయి. నడుమంతా చీకటి. చెల్లి వంటింట్లో గుడ్డి బల్బు కింద, పొయ్యి పక్కన పీట వేసుకుని లెక్కలు చేసుకుంటోంది.

"మెకానిక్కుని పిలవలేదేం నాన్నా?" అన్నాను.

"నువ్వొస్తన్నావు గదరా. కరెంటు చదువేగా నీది" అన్నాడు నాన్న, అందులో అడగాల్సిందేముంది అన్నట్టు.

ఆ మాటకి నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. నా కోసం పన్నెండు రోజులు చీకట్లో కూచున్నారు! పైగా ఈ ప్రశ్న నాకు కొట్టిన పిండి. "ట్యూబులైటు పనిచేయు విధమును పటముతో వివరింపుము" అన్నది నేను రాసి దాదాపు పూర్తి మార్కులు తెచ్చుకున్న ప్రశ్న. గొట్టంలో కాస్త ఆర్గాన్ వాయువూ, కొద్దిపాటి పాదరసమూ ఉంటాయి. రెండు కొసల్లోనూ ఫిలమెంట్లు. స్టార్టరు అనే చిన్న డబ్బాలో ఓ నియాన్ బల్బు లాంటిదీ, అందులో ఓ బైమెటల్ రేకూ. స్విచ్చి వెయ్యగానే ఆ బల్బు మెరిసి, రేకు వేడెక్కి వంగి, రెండో తీగని తాకుతుంది. అప్పుడు ఫిలమెంట్ల గుండా కరెంటు పోయి కొసలు ఎర్రగా కాలుతాయి. తాకగానే స్టార్టరులోని మెరుపు ఆరిపోతుంది గనక రేకు చల్లారి మళ్ళీ విడిపోతుంది. విడిపోయిన క్షణంలో చోకు గుండా పోయే కరెంటు ఒక్కసారిగా తెగుతుంది. 1831లో ఫారడే గారు కనిపెట్టిన సూత్రం ప్రకారం చోకు ఆ మార్పుని సహించక పెద్ద ఓల్టేజి పుట్టిస్తుంది. ఆ దెబ్బకి గొట్టం వెలుగుతుంది. వెలిగాక పాదరసపు ఆవిరి నుంచి 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి బయలుదేరి, గాజు లోపలి తెల్లపూత మీద పడి, మన కంటికి కనిపించే వెలుగుగా మారుతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

చదివే మిత్రులు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. కొసలు రెండూ ఆగకుండా ఎర్రగా వెలుగుతున్నాయి, నడుమ వెలగడం లేదు. పై పేరాలోనే జవాబుంది. నాకు తట్టలేదు.

ట్యూబు పోయిందని తీర్మానించి, మరునాడు బస్సెక్కి పట్నం వెళ్ళి కొత్త ట్యూబు తెచ్చాను. షాపాయన "ఇంకా ఇవి వాడుతున్నారా, ఎల్‌ఈడీ తీసుకోండి" అంటూనే, అటక మీద నుంచి దుమ్ము దులిపి ఓ ముప్పైయారు వాట్ల ట్యూబు ఇచ్చాడు. రద్దీ బస్సులో దాన్ని పసిపిల్లాడిలా పట్టుకుని ఇల్లు చేరాను. బిగించి స్విచ్చి వేస్తే మళ్ళీ అదే వరస, కొసలు ఎరుపూ నడుమ చీకటీ. "అయితే చోకు పోయి ఉంటుంది" అన్నాను. చోకు పోతే కొసల్లో అసలు ఆ ఎరుపెక్కడిదని నన్ను నేను అడగలేదు. ఎవరైనా వైవాలో అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో! మన చదువుతో వచ్చిన చిక్కే అది, ఎవరో అడగాలి.

స్విచ్చి ఆపేసి స్టూలెక్కాను. చీకటి పడుతోంది. చెల్లి ఫోను లైటు పట్టుకుని నించుంది. కాసేపటికి ఆ లైటు ఆపేసి, "అన్నయ్యా, స్విచ్చి ఆపేశావుగా. మరి నువ్వు చెయ్యి దగ్గర పెట్టినప్పుడల్లా ట్యూబులో పొగలాగా సన్నటి వెలుగు కదులుతోందేంటి?" అంది.

"అది ఫాస్ఫర్ పూతలో మిగిలిపోయిన వెలుగులే. నువ్వు లైటు సరిగ్గా పట్టుకో" అని కసురుకున్నాను.

ఎడమచేత్తో ఆసరాకి వసారా ఇనుప పైపు పట్టుకుని, కుడిచేత్తో చోకు దగ్గర స్క్రూ విప్పబోయాను. ఆ తరువాత ఏమైందో నాకు వరసగా గుర్తులేదు. రెండు చేతుల్లోనూ, ఛాతీలోనూ ఎవరో తాడు బిగించి లాగినట్టయింది. అరుద్దామంటే గొంతు రాలేదు. స్టూలు జారి పక్కకి పడిపోబట్టి చేతులు ఊడిపోయాయి. లేకపోతే ఈ సావనీరులో నా గురించి వేరే పేజీలో, నల్లగీత మధ్య వేసి ఉండేవారు. అమ్మ కేకలు పెడుతూ మెయిను ఆపేసింది. మోచెయ్యి చెక్కుకుపోవడం తప్ప దెబ్బలేమీ లేవు. నాన్న వచ్చి నా పక్కన నేల మీద కూలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు. నా అరచేతిని మాత్రం తిప్పి తిప్పి చూశాడు.

మర్నాడు పొద్దున్నే మోటార్లు చుట్టే బాబాయి వచ్చాడు. ఏడో తరగతి తప్పి, పదిహేనో ఏట నుంచి రీవైండింగు షాపులో పనిచేసినవాడు. స్విచ్చి వెయ్యమన్నాడు. కొసలు ఎర్రబడ్డాయి. చెయ్యి చాచి స్టార్టరుని పావు చుట్టు తిప్పి బయటికి లాగాడు. అంతే, ట్యూబు ఫట్టున వెలిగింది!

స్టార్టరులో రేకు అతుక్కుపోయింది, విడిపోవడం లేదు. విడిపోవలసిన పనిని ఆయన తన చేత్తో చేశాడు. కరెంటు తెగింది, చోకు తన్నింది, గొట్టం వెలిగింది. నేను పటం గీసి, బాణం గుర్తులు పెట్టి, ఋణగుర్తు కూడా మరిచిపోకుండా రాసిన సూత్రం అదే. ఆ సమీకరణం ఆయనకి తెలియదు. అది రెండు వేళ్ళతో ఎలా జరుగుతుందో నాకు తెలియదు. పోయిన స్టార్టరు ఖరీదు ఓ టీకి కాస్త అటూ ఇటూ. నేను తెచ్చిన కొత్త ట్యూబు ఖరీదు, బస్సుచార్జీ ఇక్కడ రాయను.

అంతటితో అయిపోతే ఇది నవ్వుకునే కథే అయ్యేది. ఆయన స్విచ్చి ఆపించి, చోకు దగ్గర టెస్టరు పెట్టాడు. టెస్టరు వెలిగింది. "అబ్బాయ్, చూశావా? ఫేసు నేరుగా లైటుకొచ్చింది. న్యూట్రలుని స్విచ్చికి తిప్పారు. ఆపినా ఇదంతా కరెంటు మీదే ఉంటది" అన్నాడు. రాత్రి చెల్లి అడిగింది దీన్నే. స్విచ్చి ఆపినా గొట్టం ఫేసు మీదే ఉంది గనక చెయ్యి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ సన్నటి వెలుగు వస్తోంది. ఆ ఇంట్లో శాస్త్రజ్ఞుడిలాగా చూసింది చెల్లి ఒక్కతే. పట్టభద్రుడు కాబోతున్నవాడు ఆ పిల్ల నోరు మూయించాడు.

"ఎవరేశారు ఈ వైరింగు?" అన్నాడు బాబాయి. నాన్న తల వంచుకున్నాడు. రేకులు వేసిన ఏడాది కూలి కలిసొస్తుందని ఆయనే లాగుకున్నాడట. లైటు వెలిగింది, ఇంకేం కావాలి! ఎనిమిదేళ్ళపాటు మేమందరం దాని కిందే పడుకున్నాం.

అప్పుడు నాకు పొలం దగ్గర మోటారు గుర్తొచ్చింది.

రెండేళ్ళ కిందట వానాకాలంలో మా పక్క చేను కౌలుకి చేసే రైతు స్టార్టరు పెట్టె ముట్టుకుని అక్కడికక్కడే పోయాడు. ముప్పైయ్యేళ్ళ మనిషి. ఊళ్ళో అందరూ "కరెంటు కాటేసింది" అన్నారు, పాము కాటేసింది అన్నట్టే. నేనూ అలాగే అన్నాను. అప్పటికి నేను ఇంటర్ పాసై, ఓమ్ సూత్రం మీద ఎన్ని లెక్కలు చేశానో లెక్కే లేదు. ఇనుప పెట్టెకి కరెంటు ఎందుకొచ్చింది, వచ్చినా నేలలోకి ఎందుకు పోలేదు, ఫ్యూజు ఎందుకు కాలలేదు అన్న ప్రశ్న నాకు పుట్టలేదు.

ఆ సాయంత్రం నాన్నా నేనూ బాబాయీ కలిసి మా మోటారు చూశాం. పెట్టెకి ఎర్తు తీగ ఉంది. ఆ తీగ గట్టు మీద జానెడు ఇనుప చువ్వకి చుట్టి ఉంది. చువ్వ ఎండు మట్టిలో వదులుగా కదులుతోంది. రాత్రిపూట కరెంటు ఇచ్చిన రోజుల్లో నాన్న టార్చి పట్టుకుని, తడికాళ్ళతో వచ్చి ఎన్ని వందలసార్లు ఆ పెట్టె మీద చెయ్యి వేశాడో!

మరునాడు గొయ్యి తవ్వి, నిలువెత్తు మించిన గాల్వనైజ్డు పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్ళు పోసి ఎర్తు చేశాం. ఇక్కడ మాత్రం నా చదువు కాస్త పనికొచ్చిందని ఒప్పుకోవాలి. "ఇంక భయం లేదు" అని బాబాయి అంటే, నేను పుల్లతో మట్టిలో లెక్క వేసి చూపించాను. ఎర్తు రెసిస్టెన్సు ఇరవై ఓములనుకుందాం. వేసవిలో నేల ఎండితే అంతకన్నా ఎక్కువే కావచ్చు. 230ని 20 చేత భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. అయిదు హార్సుపవరు మోటారుకి పెట్టిన ఫ్యూజు ఆ కరెంటుకి కాలదు. అంటే ఎర్తు ఉండి కూడా పెట్టె కరెంటు మీదే ఉండిపోవచ్చు. అందుకని వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ ముప్పై మిల్లీఆంపియర్లు తేడా వచ్చినా తటాలున తెగిపోయే బ్రేకరు కావాలి. ఈఎల్‌సీబీ అని గాని, ఆర్‌సీసీబీ అని గాని షాపులో అడిగితే ఇస్తారు. బాబాయి కాసేపు ఆ లెక్క వంక చూసి, "ఇది మాకెవరూ చెప్పలేదబ్బాయ్. ఎర్తుంటే చాలనే అనుకున్నాం" అన్నాడు. ఆయన పనితనమూ, నా లెక్కా ఒకే ఊళ్ళో ఇరవై ఏళ్ళు ఉండి కూడా ఆ రోజుదాకా ఒకదానికొకటి ఎదురుపడలేదు.

ఇప్పుడు మన కళాశాల సంగతి. మన కళాశాలే అని కాదు, స్నేహితులు చదివే కాలేజీలన్నిట్లోనూ ఇదే తంతు. మూడేళ్ళలో మనం చేసే ప్రాక్టికల్సు తలుచుకోండి. సొనోమీటరు, మెల్డీ ప్రయోగం, న్యూటన్ వలయాలు, ఎల్.సి.ఆర్. సర్క్యూటు. జవాబు ముందే తెలుసు. ఆ జవాబు వచ్చేదాకా రీడింగులు వండుకుంటాం. సీనియర్ల రికార్డు చూసి మన రికార్డు, మన రికార్డు చూసి జూనియర్ల రికార్డు. సరిగ్గా ఉన్న పరికరాలతో, సరిగ్గా వచ్చే జవాబుకోసం చేసే ప్రయోగం మన చేతికేమీ నేర్పదు. పాడైన వస్తువు ముందు కూచుని "ఇది ఎందుకు పనిచెయ్యడం లేదు?" అని ఒక్క గంట ఆలోచించే అవకాశం మూడేళ్ళలో ఒక్కసారైనా రాలేదు.

మా లెక్చరరు గారొకరితో ఈ మాటంటే, "ఫిజిక్సు అంటే రిపేరు కాదోయ్, దానికి ఐ.టి.ఐ. ఉంది" అన్నారు. మాస్టారి మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, ఆ మాట సగమే ఒప్పుకోగలను. మనమందరం ఎలక్ట్రీషియన్లం కానక్కర్లేదు. బాబాయి బతుకుతెరువుకి అడ్డం పడాలనీ లేదు. అయితే ఏ లక్షణం ఏ కారణాన్ని చూపిస్తోందో తేల్చడం రిపేరు మాత్రమే కాదు, అది శాస్త్రం చేసే పని కూడా. కొసలు వెలిగాయంటే చోకు, ఫిలమెంట్లు బాగున్నట్టే, ఎందుకంటే కరెంటు వాటన్నిటి గుండా పోతోంది. మిగిలింది స్టార్టరొక్కటే. ఇది తర్కం. కొసలు నల్లబడి, ఎంతకీ మిణుకుమిణుకుమంటుంటే ఫిలమెంటు మీది పూత అరిగిపోయి ట్యూబుకి వయసైపోయిందని అనుమానించాలి. మోటార్లన్నీ ఒక్కసారి వేసిన వేళ మాత్రమే కొట్టుకుంటుంటే ఓల్టేజి పడిపోయిందని. దీనికి స్క్రూడ్రైవరుతో పనిలేదు.

సెలవులయ్యాక హాస్టల్లో పారేసిన ఓ పాత ఫిట్టింగుని, మరో మాస్టారి అనుమతితో, ఆయన ఎదుటే లాబొరేటరీలో బిగించి మల్టీమీటరుతో కొలిచాం. సప్లయి 231 ఓల్టులు. ట్యూబు కొసల మధ్య 104. చోకు మీద 195. కూడితే 299! మా బ్యాచిలో ఇద్దరు మీటరు పాడైందన్నారు. తరువాత ఒకడు నెమ్మదిగా, "రెండూ ఒకే ఫేజులో లేవురా, పైథాగరస్‌లా కూడాలి" అన్నాడు. అలా కూడితే 221 వచ్చింది. మిగతా పది ఓల్టులు ఎక్కడికి పోయాయని అరగంట కొట్టుకున్నాం. చోకు శుద్ధమైన ఇండక్టరు కాదు, దాని తీగకి రెసిస్టెన్సు ఉంది, ఇనుప రేకుల్లో కొంత వేడిగా పోతుంది. చోకు మీద చెయ్యి పెడితే ఆ వేడి తెలుస్తుంది (స్విచ్చి ఆపి, టెస్టరుతో చూసి, ఆ తరువాత పెట్టండి. నా అనుభవం మీకొద్దు). ఫేజరు పటం నేను ఇరవైసార్లు గీసి ఉంటాను. నమ్మింది మాత్రం ఆ రోజే.

ఇంతకీ తొందరేమిటంటే, ట్యూబులైటు వెళ్ళిపోతోంది. 1938లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఈ దీపం ఎన్నో తరాల చదువులకి వెలుగిచ్చింది. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు 2014లో ముగ్గురు శాస్త్రజ్ఞులకి నోబెల్ బహుమతి వచ్చింది. 2015 నుంచి మన దేశంలో ఎల్‌ఈడీ బల్బులు చవకగా ఇంటింటికీ చేరాయి. పాదరసం వాడకం తగ్గించే మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023లో జెనీవాలో సమావేశమై, 2027 నాటికి ఫ్లోరోసెంటు దీపాల తయారీ, ఎగుమతి, దిగుమతి నిలిపెయ్యాలని నిర్ణయించాయి. అది మంచిదే, ఆ వెలుగు కోసం పాదరసాన్ని కాలవల్లో కలపాలని ఎవరంటారు? (సందర్భం వచ్చింది గనక, దీపావళికి హాస్టలు వెనక పాత ట్యూబులు పగలగొట్టి చప్పుడు చూసే మిత్రులు దయచేసి మానుకోవాలి. ఆ తెల్లపొడి పిండి కాదు.) కరెంటు కూడా ఆదా. మా వసారాకి కూడా రేపోమాపో ఎల్‌ఈడీయే.

కాని ఎల్‌ఈడీ పట్టీ విప్పితే లోపల జిగురు పోసి మూసేసిన ఓ చిన్న బోర్డు కనిపిస్తుంది. పోతే పారెయ్యాలి. ట్యూబులైటులో మాత్రం ప్రతి భాగమూ విడివిడిగా, పేరు పెట్టి పిలవగలిగేట్టు, చేత్తో ఊడదీసి చూడగలిగేట్టు ఉంటుంది. స్టార్టరు డబ్బా ఊడదీస్తే వేలెడంత బల్బూ, రేడియోలో గరగర రాకుండా పెట్టిన కండెన్సరూ కనిపిస్తాయి. రైతు ఇంట్లో ఉండే వస్తువుల్లో మన సిలబసు మొత్తం ఇంత తేటగా తెరిచి చూపించేది ఇంకొకటి నాకు తోచదు.

అందుచేత యూనియన్ నాయకులకీ, ఫిజిక్సు శాఖ పెద్దలకీ నా మనవి ఒక్కటే. కాలేజీలో ఎల్‌ఈడీలు బిగించినప్పుడు తీసేసిన పాత ఫిట్టింగులు లాబొరేటరీ వెనక గదిలో గుట్టగా పడి ఉన్నాయి. వాటిని పాత సామాన్ల వేలంలో అమ్మేలోగా ఓ అయిదారు మనకివ్వండి. మాస్టారు ఒక్కోదానిలో ఒక్కో లోపం పెట్టాలి. ఒకదాంట్లో అతుక్కుపోయిన స్టార్టరు, ఒకదాంట్లో తెగిన ఫిలమెంటు, ఒకదాంట్లో న్యూట్రలు మీద స్విచ్చి. టెస్టరు, మీటరు, సీరీసు బల్బు ఇచ్చి, మెయిను దగ్గర ఆ ముప్పై మిల్లీఆంపియర్ల బ్రేకరు పెట్టి, గంట టైమివ్వండి. జవాబు వండుకోవడానికి వీలుండదు. వండితే లైటు వెలగదు. మార్కులు వెయ్యకపోయినా ఫరవాలేదు.

మా చెల్లి పరీక్షలు మార్చిలో అయ్యాయి. ఆ వసారాలోనే చదివింది. టెస్టరు ఇప్పుడు దాని దగ్గరే ఉంది. పక్కిళ్ళవాళ్ళు పిలిస్తే వెళ్ళి, ఫేసు స్విచ్చిలో ఉందో లేదో చూసి వస్తోందట. ఇప్పటికి నాలుగిళ్ళలో తలకిందులుగా ఉన్నట్టు తేలిందని ఫోనులో చెప్పింది. బాబాయి వెళ్ళి అవన్నీ సరిచేశాడు.

వెనక గది తాళంచెవి అటెండరు గారి దగ్గర లేదన్నారు, ఆఫీసులో కూడా లేదన్నారు. ఎవరి దగ్గరుందో తెలిసినవాళ్ళు దయచేసి నాకు చెప్పండి. శనివారాలు మధ్యాహ్నం నుంచి ఖాళీగానే ఉంటాను.